ఒంటిపూట

‘ఒంటిపూట’ యనునది చిన్న మాట. వేసవిలో మన గ్రామములయందు ఈ మాట రెండు చోట్ల వినబడును; రెండు చోట్లను దాని యర్థము వేఱు. మార్చి నెల నడిమికి వచ్చునప్పటికి తెలుగు రాష్ట్రములలో పాఠశాలలకు ఒంటిపూట ప్రకటింతురు. పిల్లలు మధ్యాహ్నమునకు ఇండ్లు చేరుదురు. ఉపాధ్యాయులమైన మేమును చేరుదుము. నెల తుదిని మా జీతములో ఒక్క పైసయైనను తగ్గదు. ఆ నెలలోనే, ఆ పాఠశాల గోడ కావలనే, మిరపకాయలు కోయు స్త్రీ యెండకు తాళలేక మధ్యాహ్నమునకు చేను విడిచినచో దానికిని ఒంటిపూటయే యని పేరు. ఆమె కూలి మాత్రము సగమగును. ఎండ యొకటే, గ్రామ మొకటే, మాటయు నొకటే. ఒకరికది విశ్రాంతి, ఇంకొకరికది కోత. వాతావరణపు మార్పును గూర్చి దేశదేశముల సభలలో జరుగుచున్న చర్చ యంతయు ఈ యొక్క మాటలో ఇమిడి యున్నదని మాకు తోచుచున్నది. చదువరు లనుమతించినచో ఆ సంగతిని కొంత విస్తరించి చెప్పెదము.

ముందుగా నొక యాక్షేపణకు ఉత్తర మీయవలసి యున్నది. “ఎండలు మనకు క్రొత్తవా? రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన తాతలే చెప్పలేదా?” యని పెద్దలు కొందఱు నవ్వుదురు. నిజమే. మేమును పల్నాటిసీమలో పుట్టి పెరిగినవారమే. రెంటచింతల యెండల ఖ్యాతి మాకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని సామెత చెప్పినది రోహిణి కార్తెను గూర్చి. అనగా మే నెల తుదిని గూర్చి. రోళ్లు పగులుటకు పెద్దలొక గడువు పెట్టిరి. ఇప్పుడు ఎండ ఆ గడువును పాటించుట లేదు. 1901 నుండి మన దేశమున వ్రాయబడుచున్న లెక్కలలో 2022 మార్చి అన్ని మార్చి నెలలకంటె వేడియైనది. మఱుసటి యేట, 2023లో, ఫిబ్రవరియు అట్టిదే యయ్యెను. 2024 సంవత్సరమును మొత్తముగా చూచినచో, అప్పటివఱకు మన దేశపు లెక్కలలో అంతటి యుష్ణ వత్సరము లేదు. శివరాత్రికి చలి ‘శివశివా’ యని పోవునందురు. పోవుచున్నది సరే, పోయిన చోటికి వసంతమునకు బదులు గ్రీష్మము వచ్చి కూర్చుండుచున్నది.

దీనికి కారణము దైవము కాదు. 1856లో యూనిస్ ఫుట్ అను అమెరికా దేశపు స్త్రీ గాజుగొట్టములలో వేర్వేఱు వాయువులను నింపి యెండలో పెట్టి చూచెను. బొగ్గుపులుసు వాయువు నింపిన గొట్టము మిగిలినవాటికంటె ఎక్కువ వేడెక్కుటయు, ఆ వేడి దిగుటకు ఎక్కువ కాలము పట్టుటయు ఆమె కనుగొనెను. 1896లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటె అరీనియస్ గాలిలో ఈ వాయువు హెచ్చినచో భూమి యెంత వేడెక్కునో లెక్కగట్టెను. యంత్రయుగమునకు మున్ను గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లుండిన యీ వాయువు నేడు 420 పాళ్లను మించినది. బొగ్గును, చమురును కాల్చిన పొగయే యిందుకు ముఖ్యకారణము. మన దేశపు సగటు వేడిమి 1901 నుండి 2018 లోపల సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. ఇంతేనా యని తేలికగా తలపరాదు. ఒంటి వేడి రెండు డిగ్రీలు హెచ్చినచో జ్వరమని మంచమెక్కువారము. దేశపు సగటు వేడి పెరిగినచో దాని జ్వరము ఎవరి యింట పొడసూపునో విచారింపవలదా?

ఎండ మనుష్యుని ఎట్లు చంపునో బోధించుట మా వృత్తిలోని పనియే గావున ఒక మాట చెప్పెదము. దేహము తన వేడిని 37 డిగ్రీల వద్ద నిలుపుకొనుటకై చెమట పోయును. చెమట ఆవిరియైనచో దేహము చల్లబడును. త్రాగుటకు నీరు చాలకున్నను, తీరప్రాంతములలో వలె గాలి తేమతో నిండి చెమట యాఱకున్నను, లోపలి వేడి పెరుగును. అది 40 డిగ్రీలు దాటినచో మతి చలించును, మూర్ఛ వచ్చును, గుండెయు మూత్రపిండములును చెడును. దీనినే వడదెబ్బ యందుము. ‘దెబ్బ’ యనుటచేత ఎవరో యొక్కసారి కొట్టినట్లు వినబడును. నిజమునకది గంటగంటకు పెరుగు అప్పు. పగలు చేసిన యప్పును దేహము రాత్రి చల్లదనములో తీర్చుకొనవలెను. రేకుల కప్పు క్రింద పండుకొనువానికి రాత్రియు చల్లబడదు. అప్పు మఱునాటికి మిగులును. ఇట్లు కొన్ని దినములు గడచిన పిమ్మట మనిషి పడిపోవును. అప్పుడు మనము దెబ్బ తగిలినదందుము.

2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను కలిసి 1,500 మందికి పైగా చనిపోయిరని ప్రభుత్వముల లెక్కలే చెప్పినవి. వారెవరు? వృద్ధులు, కూలివారు, కప్పు సరిగా లేని యిండ్లవారు. చలువయంత్రపు గదిలో కూర్చున్నవాడు ఆ పట్టికలో ఎంత వెదకినను దొరకడు. ఆ లెక్కయైనను పూర్తిది కాదు. వడదెబ్బ మరణమని నిర్ణయించుటకు మండలములో తహసిల్దారును, వైద్యాధికారియు, పోలీసు అధికారియు కలిసి విచారించు పద్ధతి యేర్పడినది. మూత్రపిండముల జబ్బుగలవాడు ఎండలో పనిచేసి మూడవనాడు చనిపోయినచో జబ్బు పేరు వ్రాయబడును. ఎండ పేరు వ్రాయబడదు. 2025 ఏప్రిల్ నెలలో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్రపు విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయలు నిర్ణయించినది. మంచి పనియే, ఎండను విపత్తుగా గుర్తించుట గొప్ప మార్పే. కాని చచ్చినవానికి లక్షలు, బ్రదుకుటకై నీడకు పోయినవానికి సగము కూలి! ఈ లెక్కలో ఏదో తలక్రిందులుగా నున్నదని మా చిన్న తరగతి బాలుడైనను చెప్పగలడు.

ఒక యేటి ముచ్చట చెప్పెదము. ఎండలను గూర్చి మండల కార్యాలయమునుండి వచ్చిన హెచ్చరిక పత్రమును గ్రామస్థులకు చదివి వినిపించు పని మా వంతుకు వచ్చినది. మిరప కల్లము ప్రక్కన చింతచెట్టు నీడను కూలివారు సద్దిమూటలు విప్పుకొనుచుండిరి. మేము చదివితిమి: పగలు 12 గంటలనుండి 3 గంటల వఱకు బయట తిరుగరాదు, దప్పిక లేకున్నను నీరు త్రాగుచుండవలెను, లేతరంగు నూలుబట్టలు కట్టుకొనవలెను, తలకు గుడ్డ చుట్టుకొనవలెను. అంతయు సత్యమే, అంతయు హితమే. మా విద్యార్థి యొకని నాయనమ్మ సద్దిముద్ద చేత పట్టుకొని సావధానముగా విని యిట్లనెను:

“పంతులుగారూ, ఆ కాయితం మాకెందుకు చదువుతారు? ఎండ సంగతి మాకు తెలవదా? అది మా మేస్త్రికి చదవండి. పన్నెండింటికి చేను దిగినా పూర్తి కూలి ఇస్తానని ఆ కాయితం మీద రాయించండి. అప్పుడు నీడకి మేమే పోతాం, ఒకరు చెప్పక్కర్లా.”

కూలివారందఱు నవ్విరి. మేస్త్రియు నవ్వి, “నా చేతిలో ఏముందమ్మా? రైతు ఇచ్చేది నేను పంచేది” అనెను. కౌలురైతు అక్కడనే యుండెను. అతడు నవ్వలేదు. “మాస్టారూ, కౌలు ముందే కట్టాను. పండిన కాయ చెట్టుమీద ఉండిపోతే రంగు పోద్ది. రంగుపోయిన కాయకి గుంటూరు యార్డులో ధర పలకదు. సగం రోజుకి రోజు కూలి ఇస్తే నేనేం తినాలి?” అని యడిగెను.

ముగ్గురిలో ఎవరి మాటయు అబద్ధము కాదు. ముసలమ్మ మేస్త్రిని చూపెను. మేస్త్రి రైతును చూపెను. రైతు బజారును చూపెను. బజారు ఎవరిని చూపునో అడుగుటకు అక్కడ బజారు లేదు. వేలు ఒకరినుండి యొకరికి పోవుచున్నది. ఎండ మాత్రము పోవుట లేదు. అది ముసలమ్మ నెత్తిమీదనే నిలిచినది. చల్లగా నుండుటకేమి చేయవలెనో వ్రాసిన పత్రము మన చేతిలో నున్నది. చల్లగా నుండుటకగు ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనో అందు వ్రాయబడలేదు. ఆ వ్రాయని పంక్తియే యీ వ్యాసమునకు విషయము.

ఆ పంక్తిని వ్రాయ యత్నించినవారు లేకపోలేదు. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున వేడిమి 46.8 డిగ్రీల కెక్కినది. ఆ నెలలో సామాన్యముగా జరుగు మరణములకంటె 1,344 మరణము లెక్కువ జరిగినవని పరిశోధకులు లెక్కగట్టిరి. పిమ్మట నగరపాలకులును, గాంధీనగరములోని ప్రజారోగ్య విద్యాసంస్థవారును, ఇతర శాస్త్రజ్ఞులును కలిసి 2013లో ఎండల ప్రణాళిక నొకదానిని నడపిరి. దక్షిణాసియాలో అట్టివానిలో అదియే మొదటిది. అందలి యుపాయములు బ్రహ్మవిద్యలు కావు. వేడి 45 డిగ్రీలకు చేరునని ముందుగా తెలిసినచో ఎఱ్ఱ హెచ్చరిక చాటుట, ఆసుపత్రులలో మంచుగడ్డలు సిద్ధపఱచుట, వైద్యులకు వడదెబ్బ గుర్తులు నేర్పుట, మధ్యాహ్నము మూయుచుండిన యుద్యానవనములను తెఱచియుంచుట, వీథులలో నీరందించుట. ఒక ఆసుపత్రిలో మేడమీది యంతస్తున నుండిన పసికందుల విభాగమును క్రింది యంతస్తునకు దింపిరి; అంతటితోనే యెండకు జబ్బుపడు శిశువుల సంఖ్య తగ్గెను. క్రొత్త యౌషధ మొక్కటియు లేదు. మంచములు మెట్లు దిగినవి, అంతే. ఈ ప్రణాళికవలన ఏటా సగటున వేయికి పైగా ప్రాణములు దక్కినవని పిమ్మట జరిగిన పరిశోధన అంచనా కట్టినది. 2015 తరువాత తెలుగు రాష్ట్రములును ఇట్టి ప్రణాళికలను చేసికొన్నవి. ఎండ దైవాధీనమని చేతులు ముడుచుకొనువారికి ఇంతకంటె ఏమి యుత్తరము కావలెను?

కూలి సంగతి యింకను మిగిలియే యున్నది. దానికిని ఆ నగరమునుండియే యొక వెలుగు వచ్చినది. 1972లో ఇలా భట్ గారు అచట స్థాపించిన ‘సేవ’ యను స్త్రీకార్మికుల సంఘము ఎండల భీమా నొకదానిని పరీక్షించి చూచుచున్నది. 2024 వేసవిలో గుజరాతు, రాజస్థాను, మహారాష్ట్రములలో 50,000 మంది స్త్రీలు అందు చేరిరి. వేడి 40 డిగ్రీలు దాటిన దినములకు 400 రూపాయల సాయమును, నిర్ణీతమైన హద్దు నింకను మించినచో భీమా సొమ్మును ఇచ్చు నేర్పాటది. ఆ యేడు 46,000 మందికి పైగా స్త్రీలకు ఏదో యొక మొత్తము చేరినది. ఇందు దరఖాస్తు లేదు, సాక్ష్యము లేదు, ‘నీవు నిజముగా మూర్ఛపోతివా’ యను ప్రశ్న లేదు. ఉష్ణమాపకము చెప్పిన అంకెయే సాక్ష్యము. 400 రూపాయలు ధనరాశి కాదు. ఐనను దాని వెనుక నొక ధర్మము గలదు. ఎండ హెచ్చుట కూలిస్త్రీ చేసిన తప్పు కాదు గనుక, ఆ నాటి నష్టము ఆమె యొక్కతెయే మోయనక్కరలేదు. ఈ మాటను అంగీకరించినచో మిగిలినది లెక్క. అంగీకరింపనిచో ఎన్ని పత్రములు చదివినను వ్యర్థము.

మన పూర్వుల యుపాయములు మఱచితిమి గనుక యీ బాధ వచ్చినదని చెప్పువారును గలరు. వారి మాటలో కొంత సారమున్నది. పెంకుటింటి చల్లదనము, మట్టిమిద్దె మందము, అరుగుమీది నీడ, కుండనీరు, రాగియంబలి, పలుచని మజ్జిగ, తలపాగ — ఇవి యన్నియు మన దేశపు వేసవికి తగిన శాస్త్రమే. కాని యొక ప్రశ్న అడుగవలెను: ఆ చల్లదనము ఎవరికుండెను? నూతులు త్రవ్వించుట, చెఱువులు కట్టించుట, తోటలు నాటుట మన శాస్త్రములు పూర్తమను పేర ధర్మములలో చేర్చినవి. వేసవిలో చలివేంద్రము పెట్టించుట పుణ్యమనిరి. ఆ పుణ్యపు నీరు అందఱికిని ఒకే చెంబుతో అందెనా? కొందఱికి చెంబు, కొందఱికి దూరమునుండి దోసిట పోసిన ధార. 1927 మార్చి నెలలో, సరిగా ఎండలు ముదురు కాలమున, అంబేడ్కరుగారు మహాడ్ పట్టణపు చెఱువులో దోసెడు నీరు త్రాగుటకై వేలాది జనముతో నడచిపోవలసి వచ్చెను. కావున పూర్వుల కుండను తెచ్చుకొందము. కుండచుట్టు వారు గీచిన గీతను మాత్రము తేవలదు. నీరు దానమైనంత కాలము దాత యిష్టము. హక్కైననాడు దప్పికగొన్నవాని యిష్టము.

కప్పుల సంగతియు నిట్టిదే. మా పాఠశాలలో రెండు గదులు రేకుల కప్పువి. మధ్యాహ్నము కాకమునుపే అవి పెనములగును. ఒక వేసవి మొదట ఆ రేకులకు సున్నము దట్టముగా పూయించితిమి. తెలుపు వెలుతురును త్రిప్పికొట్టును, నలుపు మ్రింగునని పుస్తకములో చదివిన పాఠమే; పై తరగతి పిల్లలు పూసిన గదిలో నొక ఉష్ణమాపకమును, పూయని గదిలో నొకదానిని వ్రేలాడగట్టి, ఒక పక్షము లెక్కలు వ్రాసిరి. పూసిన గది దినదినమును కొంత చల్లగానే యున్నదని వారి పట్టికయే చెప్పినది. ఇట్టి చల్లని కప్పులకై తెలంగాణ ప్రభుత్వము 2023లో ఒక విధానమును ప్రకటించినది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పుల నట్లు చేయవలెనని సంకల్పము. మన దేశమున ఇట్టి విధానము చేసిన మొదటి రాష్ట్రమదియే. మా విన్నప మొక్కటే: ఆ తెలుపు మొదట ఎవరి కప్పు మీద పడవలెనో విచారింపుడు. పెద్ద మేడలకు సున్నము లేకున్నను చలువయంత్రములు గలవు. రేకుల యింటివానికి సున్నమే చలువయంత్రము.

చలువయంత్రమను మాట వచ్చినది గావున విషయపు రెండవ ముఖమును చూడవలెను. ఎండను తట్టుకొనుట యొకటి. ఎండను పెంచకుండుట మఱియొకటి. చలువయంత్రము లోపలి వేడిని వీథిలోనికి నెట్టును. అనగా ధనికుని గదిలోని యెండ బండివాని మొగమున కొట్టును. దానికి కావలసిన విద్యుత్తు మన దేశమున మూడింట రెండు వంతులకు పైగా బొగ్గునుండియే పుట్టుచున్నది. బొగ్గు కాలినకొలది భూమి వేడెక్కును. భూమి వేడెక్కినకొలది చలువయంత్రము లధికమగును. ఈ చక్రము ఎక్కడ మొదలైనదో చూడగోరువారు కొత్తగూడెము, రామగుండము పోయి చూడవచ్చును. తెలంగాణములో ఎండలకు పేరుపడిన పట్టణములవి. సింగరేణి బొగ్గు తీయు ప్రాంతములును అవియే. మన గదులు చల్లబడుటకు కావలసిన నల్లరాతిని తీయు కార్మికుడు నిలువనీడ లేని బహిరంగపు గనిలో నిలిచి తీయుచున్నాడు.

దేశముల సభలలో మనవారు న్యాయమును గూర్చి చెప్పుమాట సత్యమైనదే. సగటున మన దేశస్థుడు ఏటా గాలిలోనికి విడుచు బొగ్గుపులుసు వాయువు సుమారు 2 టన్నులు. అమెరికా దేశస్థుడు విడుచునది సుమారు 14 టన్నులు. నూఱేండ్లకు పైగా గాలిని నింపినవారు వారు. ఎండను మోయువారము మనము. 1992లో రియో నగరపు సభలో దేశములన్నియు కలిసి బాధ్యత యుమ్మడిదే గాని వంతులు సమానములు కావని యొప్పుకొన్నవి. 2009లో కోపెన్‌హాగెను సభలో ధనికదేశములు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు బీదదేశములకు సమకూర్తుమని మాట యిచ్చినవి; ఆ మాట చెల్లినది 2022లో. మాట యిచ్చినవాడు రెండేండ్లు ఆలసించినచో ఎండ రెండేండ్లు ఆగలేదు. కావున మనవా రడుగుచున్నది భిక్ష కాదు, బాకీ.

కాని న్యాయము కోరువాని చేతులను లోకము చూచును. సగటున 2 టన్నులే యని చెప్పుకొనునపుడు ఆ సగటు ఎవరివలన తగ్గినది? మిరపచేనిలోని ముసలమ్మకు కారు లేదు, విమానము లేదు, చలువయంత్రము లేదు. ఆమె బీదతనమే మన సగటును తగ్గించుచున్నది. మొత్తముగా చూచినచో లోకమున ఎక్కువ వాయువు విడుచు దేశములలో మనది మూడవది. విదేశములలో ఆమె పేదఱికమును మన వాదమునకు సాక్ష్యముగా నిలిపి, స్వగ్రామమున ఆమె కూలి సగము కోయుట యెట్టి న్యాయము? అమెరికాకు మన మేమి చెప్పుచున్నామో — ‘ఎండను తెచ్చినది మేము కాదు, నష్టము మా యొక్కరిమీద వేయకుడు’ అని — ఆమె మనకు చెప్పుచున్నదియు సరిగా అదియే. ఆ మాట అక్కడ ధర్మమైనచో ఇక్కడను ధర్మమే.

మన దేశము చేయుచున్న పని లేకపోలేదు. 2070 నాటికి నికరముగా వాయువులు విడువని స్థితికి చేరుదుమని 2021లో గ్లాస్గో సభలో మన ప్రభుత్వము మాట యిచ్చినది. కర్నూలు సీమలో 1,000 మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రము 2017లో నిండుగా పనిచేయ మొదలిడినది. ఏ యెండ మనలను కాల్చుచున్నదో ఆ యెండయే దీపము వెలిగించుట చూచి మా విద్యార్థు లానందింతురు. ఆ యానందమును మేము చెఱుపము. ఒక మాట మాత్రము కలుపుదుము: బొగ్గు మానిననాడు గనికార్మికునకు మఱియొక బ్రదుకు చూపవలెను, పలకలు పఱచిన భూమిలో పూర్వము పనిచేసిన కూలికిని పని చూపవలెను. లేనిచో చెడుగాలి పోయినదని లోకము సంతోషించునపుడు ఆ సంతోషపు ఖర్చును మరల వారే పెట్టుకొందురు.

కావున మా కోరిక యిది. హెచ్చరిక పత్రములో ఒక పంక్తి చేర్పుడు: ఎఱ్ఱ హెచ్చరిక గల దినమున మధ్యాహ్నమునకు పని మానిన కూలివారికి పూర్తి కూలి. ఆ భారమును కౌలురైతు నెత్తిన వేయవలదు, అతడును ఎండలోనివాడే. ఆ దినపు రెండవపూట కూలికై పంచాయతీవద్ద నొక నిధి యుండవలెను. విపత్తుల నిధిలో కొంత, సరకు కొను వర్తకులనుండి కొంత, భీమా రూపమున కొంత అందు చేరవలెను. కాయ చెడునను భయమునకు ఉత్తరముగా తెల్లవాఱుజామున 5 గంటలకే కోత మొదలిడి 11 గంటలకు ముగించు ముఠాలకు దీపములు, బండి, నీరు సమకూర్పుడు. చేనిగట్టుల మీద నీడచెట్లు నాటుడు. చెట్టు పెరుగులోపల టార్పాలిను పందిరి వేయుడు. పనిచోట స్త్రీలకు మఱుగు చూపుడు. మఱుగు లేనిచోట స్త్రీలు నీరు త్రాగుటయే మానుదురని, వారి వడదెబ్బకు అదియొక ముఖ్యకారణమని, వారినడిగినవా రెఱుగుదురు.

“ఇంత ధనము ఎక్కడిది?” అని యడుగువారికి మా యుత్తరము: పాఠశాలలకు ఒంటిపూట మొదటిసారి యిచ్చిననాడు మా జీతములను గూర్చి యెవరును ఈ ప్రశ్న వేయలేదు. పిల్లలు కందిపోవుదురని దేశమునకు తోచెను; తోచినవెంటనే దారియు కనబడెను. ధనము లేక కాదు, తోచక ఆగిన పనులే లోకమున నెక్కువ. ఆ పిల్లల తల్లులును కందిపోవుదురని తోచుటకు ఇంకెన్ని వేసవులు కావలెను?

వచ్చు మార్చిలో మరల ఒంటిపూట ప్రకటింతురు. ఆ ప్రకటన చదువునపుడు చదువరులు గోడ కావలివారిని గూర్చి యొక్క నిమిషము తలపవలెనని మా ప్రార్థన. ఎండను మనమందఱము కలిసి తగ్గించుటకు తరములు పట్టవచ్చును. నీడను పంచుకొనుటకు అంత కాలము పట్టనక్కరలేదు. ఒక వేసవి చాలును.